పితరుల దేశమునకు పోవుట

ధ్యాన భాగములు: హెబ్రీయులకు 11:8–16, 2 సమూయేలు 19:31–40



వానకాలములో ఒక ఆదివారము టేకులపల్లిలో ఆరాధన ముగిసి అందరు ఇండ్లకు వెళ్లిపోయిన పిమ్మట ఒక సహోదరుడు వేపచెట్టు క్రింద నిలిచియుండెను. నలువదేండ్లకు చేరువైనవాడు, భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి గలవాడు. అతని చేతిలో ఒక ప్లాస్టిక్ సంచియు, దానిలో పాత కాగితములును ఉండెను. అతడు మాతో ఇట్లనెను: "అయ్యగారూ, మా తాత స్కాట్లండులో పుట్టినట్టు కాగితం దొరికిందండి. ఈ కాగితం ఉంటే అక్కడికి పోయి పని చేసుకోనిస్తారంట. మా పెద్దల దేశం గదా, పొమ్మంటారా, వద్దంటారా?"

ఆ దినమున మేము అతనికి వెంటనే ఉత్తరమియ్యలేకపోతిమి. ప్రార్థన చేసి పంపితిమి. తరువాత అనేక దినములు ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. ఈ ప్రశ్న అతనిది మాత్రమే కాదు, మన సంఘములన్నిటిదియునని తోచినందున ఇక్కడ వ్రాయుచున్నాము.

అతడు చెప్పిన మాట నిజమే. బ్రిటిషు రాజ్యపు నియమము ప్రకారము, కామన్వెల్తు దేశముల పౌరులలో ఎవరి తాతగాని అవ్వగాని ఆ రాజ్యములో పుట్టియుందురో వారు 17 ఏండ్లు నిండినవారై, అక్కడ పని చేయగోరినయెడల, 5 సంవత్సరముల అనుమతి పొందవచ్చును. తండ్రివైపు తాతయైనను సరే, తల్లివైపు అవ్వయైనను సరే. ముత్తాత అక్కడ పుట్టినాడనుట చాలదు. స్కాట్లండులో 1855వ సంవత్సరము నుండి జనన మరణములను ప్రభుత్వమువారు లెక్కలో వ్రాయుచున్నారు గనుక, పేరును ఊరును తెలిసినయెడల నకలు దొరకుట సాధ్యము. ఈ సహోదరుని తాత గనులలో యంత్రముల పనికి వచ్చి, ఇక్కడనే పెండ్లి చేసికొని, ఇక్కడనే మట్టియందు కలిసెను. కాబట్టి చట్టము అతనికి తలుపు తెరచుచున్నది. చట్టము తలుపు తెరచినంతమాత్రమున దానిలోనికి పోవలెనా అనునదియే ప్రశ్న.

మన ప్రాంతమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడైన డాక్టరు విలియం కింగుగారు ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొనిరి. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కు పొందెను. బొగ్గు కొరకు రైలు వచ్చెను. రైలు కొరకు డోర్నకలు జంక్షనయ్యెను. గనుల వెంట, ఇంజనుల వెంట దూరదేశపు మనుష్యులు వచ్చిరి. వారిలో కొందరు ఇక్కడి స్త్రీలను వివాహమాడిరి. ఇట్టి కుటుంబముల బిడ్డలు కాజీపేట, డోర్నకలు, సికింద్రాబాదు రైలు బస్తీలలో ఆంగ్లో-ఇండియనులను పేరుతో ఒక సమాజముగా నుండిరి.

1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినప్పుడు వారి గుండెలలో భయము పుట్టెను. రైల్వే, కస్టమ్సు, తంతి తపాలా ఉద్యోగములలో వారికి ఉన్న ప్రత్యేక స్థానములను మన రాజ్యాంగము 10 సంవత్సరములు మాత్రము నిలిపి, ప్రతి రెండేండ్లకు కొంత తగ్గించుచు, ఆ మీదట తీసివేసెను. ఆ సమాజపు నాయకుడైన ఫ్రాంకు ఆంథొనీగారు, ఈ దేశమే మన దేశము, ఇక్కడనే నిలువవలెనని తనవారికి బోధించిరి. అనేకులు నిలిచిరి. అనేకులు వెళ్లిరి. వెళ్లగోరినవారు తమ తండ్రి తాతలు బ్రిటిషువారని రుజువు చేయుటకై పాత దేవాలయములలోని బాప్తిస్మపు రిజిస్టర్లను వెదకిరి. బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారిలో కొందరు వంశావళి గ్రంథమును వెదకి తమ పేరులు కనబడక యాజకత్వమునుండి తొలగింపబడిరని ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో చదువుచున్నాము. చినిగిన ఒక పుట ఒక కుటుంబమును ఓడ ఎక్కించినది. చెదలు తిన్న ఒక పుట మరియొక కుటుంబమును రేవులోనే నిలిపినది. బ్రిటిషువారు 1962లోను 1971లోను చేసిన చట్టములు ఆ ద్వారమును ఇంకను ఇరుకు చేసెను. ఇక్కడ మిగిలిన సమాజమునకు లోకసభలో ఇచ్చుచు వచ్చిన రెండు నామినేషను స్థానములు కూడ 2020 జనవరితో ముగిసెను.

ఇక మన సహోదరుని మాటకు వత్తము. "మా పెద్దల దేశం" అని అతడనెను. పెద్దల దేశమనగా ఏది? ఈ మాటను మనము నిదానముగా విచారింపవలెను.

మన సంఘములోని బంజారా సహోదరులను అడుగుడి. తమ పెద్దలు ఎడ్లమీద ఉప్పును ధాన్యమును మోసికొనుచు మార్వాడు దిక్కునుండి దక్కనుకు వచ్చిరని వారు చెప్పుదురు. తండాలలో నేటికిని మాటలాడు గోరుబోలి రాజస్థానపు భాషలకు చుట్టము. ఇప్పుడు తండానుండి ఒకడు మార్వాడుకు పోయి, ఇది మా తాతల ఊరు, తలుపు తీయుడి అనినయెడల ఎవరు తీయుదురు? కోస్తానుండి పొలముల కొరకు వచ్చినవారు మనలో నున్నారు. కోయ సహోదరులు మాత్రము అందరికంటె ముందు ఈ అడవిలో నున్నవారు. అయినను మన మండలములోనే కోయగూడెము దగ్గర బొగ్గు కొరకు నేల ఎంత లోతుగా త్రవ్వబడినదో చూచినవారికి, పితరుల నేల కాళ్ల క్రింద నున్నంతమాత్రమున అది ఎల్లకాలము నిలుచునని చెప్పుటకు ధైర్యము చాలదు.

స్కాట్లండువారి సంగతి మాత్రము వేరా? 18, 19వ శతాబ్దములలో ఆ దేశపు ఉత్తర కొండలలో భూస్వాములు గొఱ్ఱెల మేత కొరకు వేలకొలది రైతు కుటుంబములను పొలములనుండి వెళ్లగొట్టిరి. వారు ఓడలెక్కి కెనడాకును ఇతర దేశములకును పోయిరి. మన తెలుగుదేశపు కైఫీయతులను కూర్పించిన కల్నలు కాలిన్ మెకంజీ ఆ దేశపు లూయిస్ ద్వీపములో పుట్టి, 1783లో ఇండియాకు వచ్చి, మరల జన్మభూమిని చూడకయే 1821లో బెంగాలులో మరణించెను. ఈ సహోదరుని తాతయు తన పితరుల దేశమును విడిచి వచ్చినవాడే. తాత విడిచిన దానిని మనుమడు ఏ అర్థముతో తనదనును?

మరియొక సంగతి. ప్రతి మనుష్యునికి నలుగురుందురు: తండ్రి తండ్రి, తండ్రి తల్లి, తల్లి తండ్రి, తల్లి తల్లి. మన సహోదరుని నలుగురిలో ముగ్గురు ఈ గడ్డమీద పుట్టి, ఈ నీరు త్రాగి, ఈ భాషలో ప్రార్థించినవారు. ఒక్కరు మాత్రమే స్కాట్లండువారు. అట్లయితే "మా పెద్దలు" అనినప్పుడు ఆ ఒక్కరే ఎందుకు మనస్సులోనికి వచ్చెను? అతని సంచిలోని కాగితములను మేము చూచితిమి. తాత జనన పత్రిక యున్నది, పనిలో చేరిన కాగితమున్నది, మడతలు చినిగిన ఉత్తరములున్నవి. నాయనమ్మ పేరు ఒక్కచోట మాత్రమే కనబడెను. వివాహపు రిజిస్టరు నకలులో, వ్రేలిముద్ర ప్రక్కన. ఆమె నాట్లు వేసి, కూలి చేసి, విధవయైన తరువాత బిడ్డలను పెంచినది. కాగితములు తాతను జ్ఞాపకముంచుకొన్నవి. నాయనమ్మను కడుపున పుట్టినవారే జ్ఞాపకముంచుకొనవలెను.

మత్తయి సువార్త మొదటి అధ్యాయములో మన ప్రభువు వంశావళిని చదువునప్పుడు కనానీయురాలైన రాహాబు పేరును, మోయాబీయురాలైన రూతు పేరును కనుగొందుము. లోకస్థులు దాచగోరు అవ్వల పేరులను పరిశుద్ధాత్ముడు మొదటి పుటలోనే వ్రాయించెను. కాబట్టి తెల్లని తాతను గొప్పకు చెప్పి, నల్లని అవ్వను మరుగుపరచు వంశాభిమానము క్రీస్తు వంశావళికి విరోధమైనది.

అయితే ఈ మాట అతనికి చెప్పకముందు మనకు మనము చెప్పుకొనవలసినది కలదు. ఆ కుటుంబమును మన ఊరిలో ఎట్లు పిలిచితిమి? "దొర బిడ్డలు" అని ఎగతాళి చేసినవారము మనము కామా? కన్నుల రంగు చూచి బడిలో పిల్లలు నవ్వినప్పుడు మనలో ఎవరు గద్దించితిమి? పెండ్లి సంబంధములు వచ్చినప్పుడు "వారి కులమేమి" అని లెక్క చూచి వెనుకకు తగ్గినవారము మనము కామా? ఏబది సంవత్సరములు ఒకనిని నీవు మావాడవు కావని చెప్పి, అతడు పోవుదుననగానే మమ్మును విడిచి పోవుచున్నాడని నిందించుట న్యాయము కాదు. ఈ విషయములో సంఘము మొదట పశ్చాత్తాపపడవలెను.

పోవుటలో వెనుక మిగులువారి సంగతి హైదరాబాదు చరిత్రలోని ఒక వృత్తాంతమునుండి నేర్చుకొందము. జేమ్సు అకిలీస్ కిర్కుపాట్రిక్ అను నతడు నిజాము దర్బారులో బ్రిటిషు రెసిడెంటుగా నుండెను. ఆయన వంశము మూలమున స్కాట్లండుది. ఆయన హైదరాబాదు ఘనకుటుంబపు కన్యయైన ఖైరున్నీసాను వివాహమాడెను. వారికి ఒక కుమారుడును ఒక కుమార్తెయు కలిగిరి. 1805లో, నాలుగేండ్ల కుమారుని, మూడేండ్ల కుమార్తెను విద్య కొరకు మద్రాసులో ఓడ ఎక్కించి ఇంగ్లండులోని వారి తాతగారి యింటికి పంపిరి. ఆ యేడే అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించెను. తల్లి 1813లో మరణించెను. బిడ్డలను మరల చూడలేదు. నూరున్నీసా అను ఆ కుమార్తె కిట్టీ కిర్కుపాట్రిక్ అను పేరుతో ఇంగ్లండులో పెరిగి, వివాహమాడి, 1889 వరకు జీవించెను. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట హైదరాబాదులో ఇంకను జీవించియున్న తన అమ్మమ్మకు ఉత్తరములు వ్రాసెను. ఆ అమ్మమ్మయు ఉత్తరములు పంపెను. అయితే వారిద్దరు ఒకరి ముఖము ఒకరు చూడకయే కన్ను మూసిరి. కోఠిలో ఆ రెసిడెన్సీ భవనము నేటికిని నిలిచియున్నది. ఆడపిల్లలు చదువుకొను విశ్వవిద్యాలయమైనది.

ఆ బిడ్డలను పంపినవారు వారి మేలునే కోరిరి. తండ్రి వంశపు దేశమునకే పంపిరి. అయినను వారిని కన్న తల్లికి అది పరదేశమే. పితరుల దేశమను మాటలో తల్లుల దేశము తరచుగా మరువబడునని ఈ వృత్తాంతము మనకు బోధించుచున్నది.

ఇంతవరకు చదివి, మేము పోవద్దని చెప్పుచున్నామని మీరు తలంపవచ్చును. అట్లు కాదు. పోవుటయే పాపమైనయెడల అబ్రాహాము పాపియగును. పొట్టకూటి కొరకు, పిల్లల చదువు కొరకు దూరదేశమునకు పోవువానిని నిండు కడుపుతో కూర్చుండి గద్దించుట సుళువు. మన యువకులు గల్ఫు దేశములకు పోవునప్పుడు సంఘమంతయు ప్రార్థించి పంపుచున్నాము; వారు పంపిన సొమ్ముతో గుడి గోడలకు సున్నము వేయుచున్నాము. స్కాట్లండుకు పోవువానిని మాత్రము ఎందుకు ప్రశ్నింపవలెను?

దావీదు గిలాదునుండి యెరూషలేమునకు తిరిగి పోవునప్పుడు, ఎనుబదేండ్ల బర్జిల్లయిని తనతో రమ్మని పిలిచెను. ఆ ముసలివాడు తన తలిదండ్రుల సమాధియొద్ద తన ఊరిలోనే చనిపోవుదునని చెప్పి, తనకు బదులుగా కింహామును పంపెను. బర్జిల్లయి నిలుచుటయు సరియే. కింహాము పోవుటయు సరియే. రాజు ఇద్దరిని ఆశీర్వదించెను. ముసలివాడు పడుచువానిని కట్టివేయలేదు. పడుచువాడు దొంగతనముగా పోలేదు. మన యిండ్లలోని ఎడబాటులు ఇట్లుండినయెడల ఎంత మేలు!

అయితే పోవుట యొకటి, తిరిగి పోవుట మరియొకటి. ఇదియే మేము చెప్పగోరిన ముఖ్యమైన మాట. అబ్రాహాము సంతతివారు తాము బయలుదేరిన దేశమును మనస్సులో నుంచుకొనినయెడల మరల వెళ్లుటకు వీలు కలిగియుండెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక తెలియజేయుచున్నది. వారు దానిని గాక, మరి శ్రేష్ఠమైన పరలోక దేశమును కోరిరి. కల్దీయుల ఊరు వారికి పితరుల దేశమే. అయినను వారి నిరీక్షణ దానియందు లేదు. మన సహోదరుడు స్కాట్లండు చూచినవాడు కాడు. ఆ చలి ఎరుగడు, ఆ మాట ఎరుగడు, అతని కొరకు అక్కడ ఎదురుచూచు చుట్టము లేడు. అతడు పోవునది తిరిగి పోవుట కాదు. క్రొత్తగా పోవుట.

ఈ భేదము మాటల భేదము మాత్రమే కాదు. తిరిగి ఇంటికి పోవువానికి తాను విడిచిన చోట బాకీ యేమియు ఉండదు. సత్రము విడిచినట్లు విడుచును. ఇల్లు విడిచి క్రొత్తగా పోవువానికి ఇంటి బాకీలన్నియు వెంటబడి వచ్చును. ఇది నా ఇల్లు కాదు, అది నా ఇల్లు అని పేరు మార్చుకొనినయెడల తల్లి బాకీని తీర్చకయే తప్పించుకొనవచ్చునని మనస్సు మోసగించును. దేవునికి అర్పితమని పేరు పెట్టి తలిదండ్రులకు ఇయ్యవలసినదానిని ఎగవేసినవారిని మన ప్రభువు మార్కు సువార్త ఏడవ అధ్యాయములో ఎంత కఠినముగా గద్దించెనో చూడుడి. పితరుల దేశమను గొప్ప పేరు కూడ అట్టి కొర్బాను కాకుండ చూచుకొనవలెను.

కాబట్టి అతడు మరల వచ్చినప్పుడు మేము మూడు ప్రశ్నలు అడిగితిమి. దేనికి పోవుచున్నావు? పిల్లల అన్నమునకును చదువునకును అయినయెడల ఆ మాటే చెప్పుము, సిగ్గుపడ నక్కరలేదు. దొర బిడ్డవని అనిపించుకొనుటకైనయెడల అక్కడ నిన్నెవరును అట్లు పిలువరు. నీ పోక యొక్క భారము ఎవరిమీద పడును? నీ తల్లికి మందు ఎవరు తెత్తురు, నీళ్లు ఎవరు తోడుదురు, మరణమైనయెడల మన్ను ఎవరు వేయుదురు? ఏమి పట్టుకొని పోవుచున్నావు?

ఈ మూడవ ప్రశ్నకు మన డోర్నకలు పితరుడైన బిషప్ అజరయ్యగారి జీవితము మంచి దృష్టాంతము. ఆయన 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిరి. ఆయన పితరుల దేశము అది. దానిని విడిచి 1909లో డోర్నకలుకు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో ఇండియా దేశస్థులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయి, 1945 జనవరి 1న ఇక్కడనే ప్రభువునందు నిద్రించి, ఇక్కడనే పాతిపెట్టబడిరి. 1910లో ఆయన స్కాట్లండులోని ఎడింబరో పట్టణమున జరిగిన లోక మిషనెరీ సభలో నిలువబడి, మీరు మాకు ధనమును త్యాగమును ఇచ్చితిరి, మాకు స్నేహితులు కూడ కావలెనను భావముతో మాటలాడిరి. డోర్నకలునుండి పోయినవాడు స్కాట్లండువారికి తక్కువైనదేదో ధైర్యముగా చెప్పగలిగెను. అతడు చేతులు ఊపుకొనుచు పోలేదు.

నేడు ఆ దేశములో 2022 జనాభా లెక్కలలో సగముకంటె ఎక్కువమంది తమకు మతము లేదని వ్రాయించుకొనిరి. అక్కడి సంఘము అనేక దేవాలయములను అమ్మివేయుచున్నది. అట్టి చోటికి టేకులపల్లి విశ్వాసి పోయినయెడల, తాతగారి ఆస్తి పంచుకొనుటకు పోవు మనుమనివలె గాక, దీపము పట్టుకొని పోవువానివలె పోవలెను. ఆదివారము ఖాళీ బల్లలమీద ఒక కుటుంబము కూర్చుండుట చిన్న సంగతి కాదు.

మన ఊరికి పేరిచ్చిన టేకు చెట్టును చూడుడి. అటవీశాఖవారు టేకు నారును నాటునప్పుడు పైమొక్కను రెండు వ్రేళ్ల ఎత్తుకు నరికి, తల్లివేరును జానెడుంచి కోసి, తొలకరికి నేలలో పెట్టుదురు. చూచువారికి అది ఎండుపుల్ల. అయినను ఆ జానెడు వేరులో ప్రాణమున్నందున అది క్రొత్త నేలలో చిగురించును. వేరు లేకుండ కొమ్మను మాత్రము తీసికొనిపోయి పాతినయెడల చిగురించునా? పోవువాడు తన వేరును దాచి పోవలదు, దానితో కూడ పోవలెను.

మేము ఆ యింటికి పోయినప్పుడు అతని తల్లి పొయ్యి ముందు కూర్చుండి మా మాటలన్నియు విని, చివరకు ఇట్లనెను: "అయ్యగారూ, నా పేరు చెప్పి వాడు ఆగొద్దు. నన్ను మరిచి వాడు పోవద్దు. నేను అడిగేది అంతే." మేము ఇన్ని పుటలలో చెప్పినదానిని ఆమె రెండు మాటలలో చెప్పెను.

ఈ పత్రిక వ్రాయునాటికి అతడు ఇంకను నిర్ణయించుకొనలేదు. మేమును అతనికి బదులు నిర్ణయింపము. అతడు పోయినయెడల ఆ తల్లికి నీళ్లు తోడు వంతు సంఘము పంచుకొనవలెను. అతడు నిలిచినయెడల "దొర బిడ్డ" అను మాట మన నోట మరల రాకూడదు. ఈ రెండును అతని పని కాదు, మన పని.

పరదేశులను కాపాడువాడును, విధవరాండ్రను ఆదరించువాడును అగు దేవుడు పోవువారితోను నిలుచువారితోను ఉండి, మనలనందరిని ఆ శ్రేష్ఠమైన దేశమునకు చేర్చునుగాక. ఆమేన్.